ఎడమ వైపు ఇసుక

ఆ డ్రైవర్‌కు నేనంటే పడకపోవుడు మొదటి రోజే మొదలైంది. నాకు ఆయనంటే పడకపోవుడు మూడో రోజు మొదలైంది. ఆ రెండు రోజుల తేడాను నేను చాలా కాలం నా మంచితనం కింద లెక్కేసుకున్న.

వాడపల్లి దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీ. మెయిన్ లైన్ నుంచి చీలి లోపలికి పోయే సొంత పట్టాలు దానికున్నయ్. బొగ్గు వ్యాగన్లు వస్తే లోపలికి గుంజుకరావాలె, సిమెంట్ నింపిన వ్యాగన్లను బయటి దాక తోలి రావాలె. ఆ పనికి ఫ్యాక్టరీ వాళ్ళు ఇంజన్ కొనలే, కిరాయికి తెచ్చుకున్నరు. ఇంజన్ హైదరాబాద్ కంపెనీది. ఆ కంపెనీ తరఫున రోజూ ఇంజన్ బాగోగులు చూసే మనిషిని నేను. నడిపే డ్రైవర్ మాత్రం ఫ్యాక్టరీ పెట్టుకున్న మనిషి. ఏదన్న చెడిపోతే మీ వల్లంటే మీ వల్లని అనుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

నాది తుంగతుర్తి దిక్కు తండా. కోదాడల మెకానికల్ డిప్లొమా చదివి, సూర్యాపేటల ట్రాక్టర్ల షోరూంల రెండేండ్లు పనిచేసి, అక్కడ నన్ను పానా పట్టనియ్యకుండ కంప్యూటర్ ముందట కూసోబెడితే విసుగొచ్చి ఈ పనిల చేరిన. కంపెనీ వాళ్ళు హైదరాబాద్‌ల కొన్ని నెలలు నేర్పించిన్రు. తర్వాత సంచి పట్టుకోని మిర్యాలగూడకు వచ్చి రూం తీసుకున్న. రోజూ పొద్దుగాల ఫ్యాక్టరీ బస్సుల వాడపల్లి పోవుడు, సాయంత్రం అదే బస్సుల వచ్చుడు.

డ్రైవర్ రైల్వేల ముప్ఫై ఏండ్లకు పైన చేసి రిటైరైన మనిషి. ఇల్లు కోదాడల. వారమంత మిర్యాలగూడల కిరాయి రూంల ఉండి ఆదివారం ఇంటికి పోయేటోడు. బెజవాడ దిక్కు ఎక్కువ చేసినందుకేమో మాట మొత్తం కోస్తా మాట. సిమెంట్ దుమ్ముల పనిచేసే మనిషి తెల్ల చొక్కా ఎట్ల మాపుకోకుండ ఉంటడో నాకు ఎన్నడూ అర్థం కాలే.

మొదటి రోజు ఇంజన్ కాడికి పోయి నమస్తే పెట్టిన. పైన క్యాబిన్ల నుంచి కిందికి చూసిండు.

"మెకానిక్ ఎక్కడమ్మా?"

"నేనే సార్."

"నువ్వా." క్యాబిన్ కిటికీల నుంచి ఇంకొంచెం వంగిండు. "ఏ ఊరు?"

"తుంగతుర్తి అవతల తండా సార్."

"అక్కడ రైలుందా?"

"లేదు సార్."

"మరి రైలింజన్ ఎప్పుడు చూశావు?"

నేను బదులు చెప్పేలోపలే పక్కన నిలబడ్డ పాయింట్స్‌మన్ దిక్కు తిరిగిండు. పాయింట్స్‌మన్ అంటే పట్టాలు మార్చి, జెండా ఊపి, ఇంజన్‌ను ముందుకు పిలిచే మనిషి. "ఇంజన్‌తో పాటు మనిషిని కూడా ఎక్కడో కిరాయికి తెచ్చినట్టున్నారయ్యా," అన్నడు ఆయనతోని.

పాయింట్స్‌మన్ది మాడుగులపల్లి. నలభై ఏండ్లుంటయ్. ఆయన నవ్వలే. "కొత్త పిల్ల సార్, జర ఊకోండ్రి," అన్నడు.

అది అంత పట్టించుకోలే నేను. అట్లాంటి మాటలు షోరూంల కూడ విన్న, కాలేజీల కూడ విన్న.

ఇంజన్ల ఒక కంప్లైంట్ పుస్తకం ఉండేది. ఎడమ పేజీల డ్రైవర్ రాయాలె, ఏం చెడిపోయిందో. కుడి పేజీల నేను రాయాలె, చూసి ఏం చేసిన్నో. కింద సంతకం. మూడో రోజు పొద్దున ఎడమ పేజీల "ముందు ఇరుసు దగ్గర చప్పుడు" అని ఉన్నది. ఇంజన్‌ను గుంత మీదికి తెప్పించుకోని కిందికి దిగిన. ఏప్రిల్ ఎండ. పైన ఇనుము కాలుతుంటే కింద దుమ్ము గొంతుల అంటుకుంటుంటే పూటంత బోల్టు బోల్టు తట్టి చూసిన. ఇంజన్‌ను ముందుకు వెనక్కి నడిపించి చెవి పెట్టి విన్న. ఏం లేదు. మధ్యాహ్నం పైకొచ్చేసరికి డ్రైవర్ ఇద్దరు లోడింగ్ మనుషులతోని చాయ్ తాగుతుండు.

"దొరికిందా?"

"లేదు సార్. చప్పుడేం లేదు."

"ఉంటే కదా దొరకడానికి," అన్నడు. లోడింగ్ మనుషులు నవ్విన్రు. "నీకు చెవులు పనిచేస్తాయో లేదో చూద్దామని రాశాను."

ఆ మాటతోని నాకూ మొదలైంది.

ఆ తర్వాత ఇంకో రెండు సార్లు చేసిండు అట్ల. ఒకసారి కంప్రెసర్ దగ్గర నూనె కారుతుందని రాసిండు, చూస్తే పొడిగున్నది. ఇంకోసారి హారన్ సరిగ్గ మోగుతలేదని రాసిండు, అది ఊరంత వినబడుతుంది. పైగ నేను సంతకం చేసిన పేజీ పక్కన "చూసినావిడ ఏం చూసిందో దేవుడికే తెలియాలి" అని రాసిండు. ఆ పేజీల ఫోటోలు వారానికొకసారి హైదరాబాద్‌కు పోతయ్. మా మేనేజర్ ఫోన్ చేసిండు. "ఏమమ్మా, ఆ పెద్దమనిషితోని సక్కగ ఉండరాదా? ఇంజన్ మనది, రోజు గడిచేది వాళ్ళ చేతిల."

ఆయన ఉత్తుత్తి కంప్లైంట్లు రాస్తుండని నేను మేనేజర్‌కు చెప్పలే. చెప్తే నన్ను మోసం చేసిండని, నేను మోసపోయిన్నని ఒప్పుకున్నట్టయితది. అది నాకు నామోషీ అనిపించింది.

దానికి బదులు నా పద్ధతిల నేను చేసిన. ఆయన బ్రేకు గట్టిగ పట్టే అలవాటున్న మనిషి. చక్రాల మీద చదునైన మచ్చలు పడుతున్నయ్. అది నిజమే, కానీ అంత పెద్ద సంగతి కాదు. నేను దాన్ని కొలిచి, ఫోటోలు తీసి, కాయితం మీద రాసి, ఫ్యాక్టరీల ఈ పట్టాల పనంత చూసే సైడింగ్ ఆఫీసర్‌కిచ్చిన. ఆయన మిర్యాలగూడ మనిషే, భూములున్న ఇంటోడు, ఎవ్వరినైన నిలబెట్టే మాట్లాడేటోడు. డ్రైవర్‌ను పిలిపించి నా ముందరనే అడిగిండు.

"ఏందయ్యా, ముప్ఫై ఏండ్లు చేసిన్నంటవ్. బ్రేకు కొట్టుడు రాదా?"

డ్రైవర్ ముఖం ఎర్రగయ్యింది. తలకాయ దించుకోని నిలబడ్డడు. ఆయన్ని అట్ల చూస్తుంటే నాకు కడుపు నిండినట్టయ్యింది. ఇది దాచుకోవలసిన పని లేదు.

ఆ రోజు నుంచి నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. నేనూ బంద్ చేసిన. ఇద్దరం ఒకే ఇంజన్ మీద, రెండు మూరల దూరంల నిలబడి, పాయింట్స్‌మన్‌తోని మాట్లాడేటోళ్ళం.

"ఆవిడకు చెప్పు, డీజిల్ చూడమని."

"అన్నా, ఆయనకు చెప్పు, చూసిన్నని."

పాయింట్స్‌మన్ మొదట్ల నవ్వుకుంట చెప్పేటోడు. పదిహేను రోజులకు నవ్వుడు ఆగిపోయింది. ఒకనాడు పచ్చజెండా చంకల పెట్టుకోని, "చెల్లే, మీ ఇద్దరికీ చెవులున్నయ్ గద. నేనేమన్న పోస్ట్‌మన్‌నా?" అన్నడు. నేను జవాబు చెప్పలే. డ్రైవర్ కూడ చెప్పలే. బహుశ మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నది ఆ ఒక్కసారే.

రైలింజన్ల ఇసుక పెట్టె ఉంటదన్న సంగతి చాలామందికి తెల్వది. పట్టాలు తడిసినప్పుడు, నూనె పడ్డప్పుడు చక్రం జారుతది. బ్రేకు పట్టినా చక్రం ఆగుతది గానీ ఇంజన్ ఆగది, అట్లనే జారుకుంట పోతది. అందుకని చక్రాలకు ముందర రెండు వైపుల చిన్న గొట్టాలుంటయ్. డ్రైవర్ కాలితోని పెడల్ తొక్కితే గాలి వచ్చి పెట్టెల ఇసుకను ఆ గొట్టాల గుండ పట్టాల మీదికి చల్లుతది. చక్రం పట్టు దొరకబుచ్చుకుంటది. ఇంత పెద్ద యంత్రం ఆఖరికి పిడికెడు ఇసుక మీద ఆధారపడ్తది. ఆ ఇసుక పొడిగ ఉండాలె. నేను మూసీ ఇసుక తెప్పించుకోని, జల్లెడ పట్టి, రేకు మీద ఎండబోసి నింపేదాన్ని. అయితే ఎడమ పెట్టె మూతకు రబ్బరు చినిగింది. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలె. సిమెంట్ ఫ్యాక్టరీల మూత సరిగ్గ పడని పెట్టెలకు ఏం పోతదో చెప్పక్కర్లేదు.

మృగశిర కార్తె దగ్గర పడ్డది. మబ్బులు పట్టి, ఉక్కపోసి, వాన మాత్రం పడకుండ ఉన్న రోజులు. ఆ రోజు పుస్తకంల ఎడమ పేజీల "ఎడమ వైపు ఇసుక రావట్లేదు" అని రాసి ఉన్నది.

చదివి పుస్తకం మూసిన. మళ్ళ ఏదో నాటకం అనుకున్న. నిజమేమో అన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. మూత రబ్బరు సంగతి నాకు తెలుసు. కానీ మళ్ళ గొట్టం కాడ మోకాళ్ళ మీద కూసుంటే, ఆయన పైన క్యాబిన్ల నవ్వుకుంటుంటే ఎట్లుంటదో అది కూడ కండ్ల ముందర ఆడింది. చూడడానికి పది నిమిషాలు పడ్తది. ఆ పది నిమిషాలు నేను క్యాంటీన్ల చాయ్ తాగిన. తర్వాత కుడి పేజీల "చూసిన. సరిగ్గనే ఉన్నది" అని రాసి సంతకం పెట్టిన.

తెల్లారి డ్రైవర్ అది చదివిండు. పాయింట్స్‌మన్‌తోని, "ఆవిడ నిజంగా చూసిందా అడుగు," అన్నడు. నేను అక్కడనే ఉన్న.

పాయింట్స్‌మన్ నా దిక్కు వచ్చి మెల్లగ అడిగిండు. "చెల్లే, నిజంగ సూసినవా?"

"రాసిన గదన్నా. చదువుకోమను."

"సార్, మీరే ఓసారి తొక్కుండ్రి, నేను కిందికెల్లి సూస్త," అన్నడు ఆయన డ్రైవర్‌తోని.

"చూడాల్సింది ఆవిడ. సంతకం పెట్టింది కదా, ఇక పూచీ ఆవిడదే," అన్నడు డ్రైవర్. బండి కదిలించిండు.

నేను సంతకం పెట్టిన మూడో రోజు మధ్యాహ్నం వాన పడ్డది. మొదటి వాన కాబట్టి నీళ్ళు పట్టాలను కడగలే. నెలల తరబడి పేరుకున్న సిమెంట్, బొగ్గు దుమ్మును జిగట బురద చేసింది. ఇంజన్ బొగ్గు వ్యాగన్లను లోపలికి గుంజుకొస్తుంది. గేటు దాటినంక కొంచెం పల్లం. ఆ పల్లం చివర ఖాళీ వ్యాగన్లు నిలబడి ఉన్నయ్. పాయింట్స్‌మన్ ఎప్పటిలెక్కనే ఇంజన్ ముందర మెట్టు మీద నిలబడి జెండా పట్టుకోని ఉన్నడు.

నేను పట్టాలకు ఎదురుగ ఉన్న షెడ్డు కింద నిలబడి చూస్తున్న. ఎక్కడ ఆగాల్నో అక్కడ బ్రేకు పడ్డ చప్పుడు వినబడ్డది. చక్రాలు ఆగినయ్. ఇంజన్ ఆగలే. ఆగిన చక్రాలతోని అట్లనే, పెద్ద వేగం కూడ లేదు, మనిషి నడిచినంత వేగంతోని జారుకుంట వస్తుంది. కుడి గొట్టం కింద ఇసుక పడుతుంది. ఎడమ గొట్టం కింద ఏం లేదు. షెడ్డు నుంచి నాకు అది స్పష్టంగ కనబడ్డది. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తియ్యలే. ఖాళీ వ్యాగన్లు దగ్గరికొస్తుంటే పాయింట్స్‌మన్ మెట్టు మీదికెల్లి దుంకిండు. ఒక కాలు పట్టా బయటికి పొడుచుకొచ్చిన స్లీపర్ల నడుమ ఇరికింది. తన ఒంటి బరువే దాని మీద పడి మోకాలు కింద ఎముక విరిగి కాలు పక్కకు వంగుడు, వానల కూడ, కనబడ్డది.

ఇంజన్ వ్యాగన్లను గుద్ది ఆగింది. ముందర గుద్దుడు ఆపే బఫర్లు వంగినయ్. అంతకంటే పెద్ద నష్టమేం కాలే. పాయింట్స్‌మన్‌ను జీపుల వేసుకోని మిర్యాలగూడ దవాఖానకు తీసుకపోయిన్రు. డ్రైవర్‌ను ఆఫీసర్ రూముకు పిలిచిన్రు. చూడవచ్చినోళ్ళంత మెల్లగ వెళ్ళిపోయిన్రు. ఇంజన్ కాడ నేనొక్కదాన్నే మిగిలిన.

ఇనుప తీగ తెచ్చి ఎడమ గొట్టంల పొడిచిన. కొంచెం సేపటికి ఒక గడ్డ కింద పడ్డది. వేలంత పొడుగున్నది. ఇసుక, సిమెంట్, చెమ్మ కలిసి రాయి అయ్యింది. దాన్ని కాలితోని కంకర్ల కలిపేసిన. గొట్టం శుభ్రం చేసిన. పెట్టెల తడి ఇసుక తీసి పొడి ఇసుక పోసిన. పైకెక్కి పెడల్ తొక్కి, దిగి చూసిన. రెండు వైపులా ఇసుక కుప్పలు సమానంగ ఉన్నయ్. ఈ పని చెయ్యమని నాకు ఎవ్వరూ చెప్పలే. భయపడి తోచక చేసిన్నని అనుకోవాలని చూసిన గానీ, నేను పొడి ఇసుక వెతికి తెచ్చుకున్న. తోచని మనిషి అంత వరస తప్పకుండ చెయ్యది.

తెల్లారి విచారణ. ఆఫీసర్, హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనేజర్, డ్రైవర్, నేను.

"ఇసుక రాలేదు," అన్నడు డ్రైవర్. "ముందే రాశాను. పుస్తకం చూడండి."

ఆఫీసర్ పుస్తకం తిప్పిండు. "నువ్వు రాసినవ్. సూసిన, సరిగ్గనే ఉన్నదని ఈమె రాసింది. ఇగ ఇంజన్ కాడికి పోదాం పట."

అందరం పోయినం. ఇంకో మనిషి పెడల్ తొక్కిండు. రెండు వైపులా ఇసుక పడ్డది. డ్రైవర్ వంగి ఎడమ పట్టా మీద పడ్డ ఇసుకను వేళ్ళతోని పట్టుకోని చూసిండు. తర్వాత నన్ను చూసిండు.

"నిన్న రాలేదు," అన్నడు.

"నిన్న రానిది ఇయ్యాల ఎట్ల వస్తదయ్యా?" ఆఫీసర్ నా దిక్కు తిరిగిండు. "నువ్వేమన్న చేసినవా?"

"లేదు సార్."

మా మేనేజర్ ఊపిరి వదిలిండు. ఇంజన్ తప్పు కాదంటే కిరాయి ఒప్పందం నిలబడ్తది. ఆఫీసర్‌కు కూడ ఒక్క మనిషిని తీసేస్తే అయిపోయే పని. సాయంత్రానికి డ్రైవర్‌ను పంపించేసిన్రు. లాకర్ల నుంచి టిఫిన్ డబ్బా, తువ్వాల తీసుకోని పోతూ పోతూ నా ముందర ఆగిండు. దాదాపు నెల తర్వాత నాతోని నేరుగ మాట్లాడిండు.

"నీకు ఇంజన్ రాదనుకున్నా. అబద్ధం మాత్రం బాగా వచ్చు."

నేను చూపు తిప్పుకోలే. "మీ దగ్గర్నే నేర్చుకున్న," అన్న. ఆ మాట బాగ కుదిరిందని బస్సుల మిర్యాలగూడ దాక అనుకుంట పోయిన.

వారం తర్వాత బత్తాయిలు కొనుక్కోని దవాఖానకు పోయిన. పాయింట్స్‌మన్ కాలుకు రాడ్ వేసిన్రు. భార్య మంచం కాడ కూసోని ఉన్నది. నన్ను చూసి జరగలే, కూసోమనలే.

ఆయన పైకప్పు దిక్కు చూస్తూ అడిగిండు. "నిజం చెప్పు. ఆ గొట్టం సూసినవా?"

ఇక్కడ కూడ అబద్ధం చెప్పొచ్చు అనే వచ్చిన. నోరు రాలే.

"లేదన్నా."

"తర్వాత బాగ చేసినవ్."

"ఆ."

ఆయన కోపం చేస్తే బాగుండు అనుకున్న. అటెంక చేసిండు కూడ, గొంతు పెంచకుండ.

"నీకాయన పడడు, ఆయనకు నువ్వు పడవు. నడుమ నన్ను పెట్టుకున్నరు. మీ మాటలు మోసిన, మీ మెట్టు మీద నేనే నిలబడ్డ. ఆయన దిగి సూస్తె ఆయన సొమ్మేం పోతుండె? నువ్వు వంగి సూస్తె నీ సొమ్మేం పోతుండె? మీకిద్దరికీ ఏం కాలే. ఇద్దరు సక్కగ నడుస్తున్నరు."

"అన్నా..."

"అన్న అనకు. పో."

నేను లేచిన. ఆయన భార్య బత్తాయిల సంచి తీసి నా చేతిల పెట్టింది.

రూముకు పోయి కాయితం రాసిన. కంప్లైంట్ వచ్చినంక నేను చూడలే, చూసిన్నని రాసిన, ప్రమాదం తర్వాత గొట్టం నేనే సాఫ్ చేసిన, విచారణల అబద్ధం చెప్పిన. మొదట ఆయన రాసిన ఉత్తుత్తి కంప్లైంట్ల సంగతి కూడ రాసిన, వాటి వల్లనే నమ్మలేదని. తర్వాత ఆ పేరా కొట్టేసి మొత్తం కొత్తగ రాసిన. అది మంచితనం కాదు. ఆ పేరా ఉంటే ఆయనకు బదులు చెప్పే సందు దొరుకుతది, కొట్లాట మళ్ళ మొదలైతది. నా కాయితంల ఆయనకు చోటే ఇయ్యొద్దనుకున్న.

ఆఫీసర్ చదివి బల్ల మీద పడేసిండు.

"ఇప్పుడెందుకిది? అయిపోయింది గద."

"నిజం సార్."

"నిజం వారం కింద ఎటు పోయింది? నేను ఒక మనిషిని తీసేసిన. ఇప్పుడు వాన్ని పిలిచి తప్పయిందని నేను చెప్పాల్నా?"

"హైదరాబాద్‌కు కూడ పంపిన సార్."

ఆయన లేచి నిలబడ్డడు. "పో. రేపటి నుంచి గేటు లోపల కనబడొద్దు. కిరాయి ఇంజన్, కిరాయి మనుషులు. మిమ్మల్ని నమ్ముడే నా తప్పు."

మా మేనేజర్ ఫోన్‌ల ఇంకా తక్కువ మాటలు వాడిండు. ఫ్యాక్టరీ వాళ్ళు మా ఇంజన్‌ను వాపస్ పంపి వేరే కంపెనీ ఇంజన్ తెచ్చుకున్నరు. నా పని పోయింది. డ్రైవర్‌ను మళ్ళ పిలిచిన్రని, ఆయన వచ్చిండని తర్వాత తెలిసింది. పాయింట్స్‌మన్‌కు గేటు కాడ కూసునే పని ఇచ్చిన్రంట. కుంటుతనం పోలేదంట. ఆయన్ని మళ్ళ కలవడానికి నాకు ధైర్యం కాలే.

తండాకు పోయి ఆరేడు నెలలు ఇంట్ల ఉన్న. జరిగింది మొత్తం అమ్మకు మా భాషల చెప్పిన. ఆమె పత్తి ఏరుకుంట విన్నది. "ఆ పది నిమిషాలు సూస్తె అయిపోతుండె," అన్నది. అంతే. ఓదారుస్తదనుకున్న నేను.

సూర్యాపేటల ఇప్పుడు చేస్తున్న పని దొరికింది అటెంకనే. చిన్న ఆఫీసు, ఏసీ, పదిమంది. యూరప్‌ల ఒక కంపెనీకి వందల కొద్ది రైలింజన్లున్నయ్. అది వాటిని అక్కడి రైలు కంపెనీలకు కిరాయికిస్తది, మరమ్మతు కూడ తనే చూసుకుంటది. అక్కడి డ్రైవర్ రాసిన కంప్లైంట్ మా స్క్రీన్ మీదికొస్తది. వర్క్‌షాప్ వాళ్ళు ఏం చేసిన్రో కూడ వస్తది. రెండూ చూసుకోని, పార్టు నంబర్లు సరిపోయినయా, కొలతలు ఉన్నయా చూసి ఫైల్ మూసెయ్యాలె. మూస్తేనే ఇంజన్ మళ్ళ పట్టాల మీదికి పోతది. ఆ ఇంజన్లను నేను ఎన్నడూ చూడలే, చూడను కూడ. కానీ వాడపల్లిల ఉన్న పుస్తకమే అది, రెండు పేజీలు.

చేరిన కొత్తల ఒక కంప్లైంట్ వచ్చింది. ఎడమ వైపు ఇసుక సరిగ్గ పడుతలేదని. వర్క్‌షాప్ జవాబు ఒక్క ముక్క: చూశాం, బాగుంది. ఫోటో లేదు. ఇసుక ఎంత పడ్డదో తూకం లేదు. నేను మూయలే. ఫోటో పంపమని రాసిన. మళ్ళ అదే జవాబు. మళ్ళ మూయలే.

వర్క్‌షాప్ సూపర్‌వైజర్ ఫోన్ చేసిండు. ఇంగ్లీషు ఆయనకూ సొంత భాష కాదు, నాకూ కాదు. అయినా కోపం బాగనే అర్థమైంది. పాతికేండ్లుగ ఇంజన్లు చూస్తున్నడంట. ఎక్కడో ఇండియాల కూసున్న అమ్మాయికి ఫోటోలు తీసి పంపాల్నా అని అడిగిండు.

"పంపాలె," అన్న. "పంపే దాక మూయను."

మా టీమ్ లీడర్ నా కుర్చీ కాడికి వచ్చిండు. "ఎందుకంత మొండితనం? వాళ్ళు చూసినమని రాసిన్రు గద. బండి నిలబడి ఉన్నది, అవతల కిరాయికి తీసుకున్న ఆపరేటర్ మొత్తుకుంటున్నడు."

"చూసినమని రాసుడు చాలా సులువు సార్."

"నీకెట్ల తెలుసు?"

నేను స్క్రీన్ దిక్కు తిరిగిన. ఆ పూట గడిచినంక ఫోటోలొచ్చినయ్, వీడియో వచ్చింది. ఇసుక రెండు వైపుల బాగనే పడుతుంది. వాళ్ళు నిజంగనే చూసిన్రు. నేను అనవసరంగ బండి ఆపిన. అవతల నుంచి ఫిర్యాదు వచ్చింది, నాకు ఇక్కడ మెమో ఇచ్చిన్రు. ఆఫీసుల అప్పటి నుంచి నా పేరు ఇసుక మేడమ్. మధ్యాహ్నం అన్నం కాడ ఎవరూ నా బల్లకు రారు. ఫోటో లేకుండ నేను ఇప్పటికీ మూయను. వాళ్ళకు నేను నచ్చను, నాకు వాళ్ళు నచ్చరు, ఫైళ్ళు మాత్రం సరిగ్గ ఉంటయ్.

పోయిన ఏడు సర్టిఫికెట్ పని మీద కోదాడ కాలేజీకి పోయిన. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండ్ ముందరి హోటల్ల చాయ్ తాగుతుంటే ఎదురు బల్ల మీద ఆ డ్రైవర్ కూసోని ఉన్నడు. వయసు మీదపడ్డది. చొక్కా తెల్లగనే ఉన్నది. నన్ను గుర్తు పట్టిండు. లేచి పోతడనుకున్న, పోలే.

"ఆ కాగితం నాకు చూపించారు," అన్నడు. నమస్తే లేదు, బాగున్నవా లేదు.

నేను గ్లాసు కింద పెట్టిన.

"అంతా రాశావు. నేను లేనిపోని కంప్లైంట్లు రాసిన సంగతి ఎందుకు రాయలేదు?"

"అది నా కాయితం. మీది మీరు రాసుకోవాలె."

"నన్ను చిన్నబుచ్చుదామని వదిలేశావు. నువ్వు పెద్ద మనిషివీ, నేను కాదూ అని."

"కాదు. మీతోని మళ్ళ మాట్లాడే అవసరం రావద్దని వదిలేసిన."

ఆయన తన గ్లాసు దిక్కు చూసిండు. చాయ్ మీద మీగడ కట్టింది. "అతని ఇంటికి వెళ్ళాను ఒకసారి. మాడుగులపల్లి. తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు."

"దవాఖానకు నేను పోయిన. పొమ్మన్నడు."

అంత మాట్లాడినంక ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నం. మెత్తబడే మాట ఎవరో ఒకరు అనాల్సిన చోటు అది. ఆయన అనలే.

"నేనేం రాయను," అన్నడు. "ఆ ఫ్యాక్టరీ పని కూడా వదిలేశాను. ఇప్పుడు రాస్తే ఎవరికి లాభం?"

"రాయకుండ్రి."

"నువ్వు ఆ రోజు చూసి ఉంటే సరిపోయేది."

"మీరు ఆ మూడు సార్లు రాయకుంటే చూసేదాన్ని."

"చూసేదానివి కాదు," అన్నడు. "నేనంటే నీకు మొదటి నుంచీ కోపం."

మూడో రోజు నుంచి అని చెప్పబోయిన. అప్పుడు నాకే అనుమానం వచ్చింది, ఆయన మాట నిజమేమోనని. అక్కడ రైలుందా అని అడిగిన రోజే నా లోపల ఏదో గట్టిపడి ఉంటది. ఆయనకు ఆ మాట ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. చాయ్ పైసలు బల్ల మీద పెట్టిన.

సూర్యాపేట బస్సు బస్టాండ్ లోపలికొచ్చింది. నేను లేచి సంచి భుజానికేసుకున్న. ఆయన తల ఎత్తలే. బస్సుల కిటికీ కాడ సీటు దొరికింది. అక్కడికెల్లి చూస్తే ఆయన ఇంకా అక్కడనే కూసోని, వేలితోని మీగడ తీసి బల్ల అంచుకు రాస్తుండు. ఆయన్ని ఆ తర్వాత చూడలే. చూడాలని కూడ లేదు.